అత్తకు పంపిన ఎర్ర మాత్రలు

కౌతాళం

బావకు నందిని రాసేది. ఇక్కడ అత్త, నేను, రెండు బర్రెలు కులాసా. నువ్వూ బెంగళూరులో వేళకు తింటూ, కట్టే మేడల్లో ఎత్తుమీద పనిచేసేటప్పుడు చూసుకుని అడుగేస్తున్నావనుకుంటాను.

మాత్రలతోపాటు ఊరికొచ్చే ఎర్రిస్వామన్న చేతికిచ్చి పంపిన నీ ఉత్తరం అందింది. ఫోనుండగా జవాబు కాగితం మీద ఎందుకంటావేమో. నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా అత్త పక్కన కూర్చుని స్పీకర్ పెట్టమంటుంది. ఇది ఆమె వినేది కాదు.

అత్త కాళ్ల తిమ్మిరి తగ్గిందా అని అడిగావు. మాత్ర రోజూ వేసుకుంటోందా అని అడిగావు. నిద్ర పడుతోందా అని అడిగావు. కాగితం రెండువైపులా వెతికాను. నా పేరు ఒక్కచోట దొరికింది: ‘నందినీ, అమ్మ జాగ్రత్త.’

సరే, అడిగినదానికి చెబుతాను. అత్త బాగుంది. పొయ్యిలోని నిప్పు పాదం మీద పడి తోలు కమిలినా తెలియని మనిషి, ఇప్పుడు చీమ పాకినా కాలు విదిలిస్తోంది. కాలువ గట్టుదాకా నడిచి, కన్నడంలో నలుగురితో ముచ్చట్లాడి వస్తోంది. ఏళ్ల తరబడి షుగరు మాత్రలు మింగడం, మొక్కు పట్టి మాంసం, గుడ్డు మానేయడం, రెండూ కలిసి ఒంట్లో బి పన్నెండు విటమిన్ అడుగంటిందని ఆదోని డాక్టరమ్మ చెప్పింది కదా. ముందు సూదులు, తర్వాత నువ్వు పంపే ఎర్ర మాత్రలు. నరాలు మెల్లగా తేరుకున్నాయి.

సూదులకు తీసుకుపోయింది నేనే. డాక్టరమ్మ అత్త పాదం చేతిలోకి తీసుకుని, దూదితో అరికాలు తాకుతూ, “తెలుస్తోందా అవ్వా? ఇక్కడ? ఇక్కడో?” అని అడుగుతుంటే, గోడకు ఆనుకుని చూస్తూ నిలబడ్డాను. నాకు కడుపు మండిపోయింది. ఆ కాలికి ఎంతమంది, బావా! బెంగళూరు నుంచి కొడుకు, ఆదోనిలో డాక్టరు, బస్సులో సీటిచ్చి లేచేవాళ్లు. నా పాదం ఎట్లుందని పెళ్లయ్యాక ఒక్కరైనా అడిగారా?

ఇక అసలు సంగతి. నువ్వు పంపిన మాత్రలు నేను తిన్నాను. అత్త కాలువవైపు పోయినప్పుడు ఎప్పుడైనా ఒకటి తీసి మింగేదాన్ని. మొదట్లో జబ్బని కాదు, బలం కోసమూ కాదు. నువ్వు కొని పంపింది ఒక్కటైనా నా నోట్లో పడాలని. నాలుక ఎర్రబడి మండేది, పత్తి తీస్తుంటే వేళ్ల కొసలు మొద్దుబారేవి. అవి ముందునుంచీ ఉన్నవే. ఎవరితోనూ అనలేదు.

ఒకరోజు అత్త మాత్రల అట్ట పట్టుకుని నా ముందు నిలబడింది.

“ఏమ్మే, నా మాత్రలు యాడికి పోతాండాయి?”

“ఎలుకలేమో.”

“ఆ ఎలకను నోరు తెరవమను, సూస్తా.”

గడ్డం పట్టుకుని వెలుతురులోకి తిప్పింది. నా నాలుక చూసి ఆమె ముఖం మారిపోయింది.

“ఈ నాలికతో కారం ఎట్ల తింటాండావే? ఒక్క మాట సెప్పలేదే!”

“అడిగినదెవరు?” అన్నాను.

అత్త మర్నాడు నన్ను ఆదోని బస్సెక్కించింది.

అత్త మొక్కుతో ఇంట్లో నాకూ మాంసం, గుడ్డు లేవు కదా, రక్తం పరీక్షలో నాకు మొదట్లో అత్తకున్నదానికంటే తక్కువుందని తేలింది. డాక్టరమ్మ నన్ను గట్టిగానే కోప్పడింది. “ఒకరి మందు ఇంకొకరు మింగడమేంటి? తక్కువున్నవాళ్లకు దీంతో రక్తం, నరాలు బాగుపడతాయి. సరిపడా ఉన్నవాళ్లకు కొత్తగా వచ్చే బలమేం లేదు. పరీక్ష చేయించుకునే వాడాలి. ఇంట్లో పాలున్నాయా?” అని అడిగింది.

“ఉండాయమ్మా. అన్నీ డెయిరీకి పోస్తాము,” అంది అత్త, తల వంచుకుని.

సూదులు ఇప్పుడు నాకు. డాక్టరమ్మ నా పాదం ఒళ్లో పెట్టుకుని దూదితో తాకింది. వేళ్ల దగ్గర తెలియలేదు. ఏడ్చాను. భయమేసి కాదు.

తిరుగు బస్సులో అత్త కౌతాళం దగ్గరపడ్డాక అంది: “డాక్టరమ్మ నా కాడ అంతసేపు ఎప్పుడూ కూసోలేదు. నీతోనే శానా మాట్లాడె.”

నిజం రాస్తున్నాను బావా, ఆ మాటకు నాకెంత సంతోషమైందో చెప్పలేను.

ఇప్పుడు పొద్దున్నే చెంబుతో పాలు తెచ్చి, నేను తాగేదాకా కదలదు. మొక్కు పట్టిన చేత్తో గుడ్డు ముట్టదు గనక పక్కింటి సుంకమ్మతో ఉడికించి తెప్పిస్తోంది. అయినా ఆమె మీద నా కుళ్లు పోయిందనుకోకు. సగమే పోయింది. మిగతా సగం నీ చేతిలో ఉంది. ఈసారి నువ్వు బస్సు దిగి వచ్చేసరికి వాకిట్లో ఇద్దరం నిలబడి ఉంటాం. ముందు ఎవరిని పలకరించాలో దారిలోనే ఆలోచించుకుని రా.

ఇట్లు,
మీ అమ్మకు కోడలే కాదు, నీకు పెళ్లాం కూడా అయిన
నందిని