కానా సీసా తాళంచెవి

తమ్ముడు జీవరత్నానికి ప్రభువు పేరిట అక్క దీవెనలు.

నీ మేనకోడలు జెన్నీ తన సాఫ్ట్‌వేర్ జీతంతో నన్ను యెరూషలేము యాత్రకు పంపింది కదా. యేసు ప్రభువు నీళ్లను ద్రాక్షారసం చేసిన కానా ఊరిలో, మన గుడి ఈస్టర్ ప్రభు భోజనపు బల్ల కోసం ద్రాక్షారసం సీసా ఒకటి కొని, చీరల్లో చుట్టి తెచ్చాను. విమానాశ్రయంలో పెట్టె తెరిచిన అధికారి "అమ్మా, మీరు తాగుతరా?" అన్నాడు. "తాగుత బిడ్డా, గుడిలో ఒక్క చెంచా" అన్నాను. నవ్వి పంపేశాడు.

ఇంట్లోనే కష్టం. "కారుతున్నదేమో, జర మూత తీసి చూస్త" అని మీ బావ రోజూ అంటున్నారు. అందుకే బీరువాలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి ఈ ఉత్తరంలోనే ఉంది.

తాగుడు మాని రెండేళ్లయినా నువ్వు సిగ్గుతో గుడికి రావడం లేదు. ఈస్టర్ పొద్దున మొయినాబాద్‌లో మొదటి బస్సెక్కి చేవెళ్లకు రా. బీరువా తెరిచి, సీసా నీ చేతులతోనే గుడికి తేవాలి. పాస్టరు అయ్యగారికి చెప్పేశాను. నువ్వు వచ్చేదాకా అందరూ బల్ల దగ్గర ఎదురుచూస్తారు.

నీ అక్క