రెండు కిటికీల మధ్య పది రోజులు

సెప్టెంబర్ 3, సాయంత్రం 6
ఈరోజు బడిలో కొత్త మాట దొరికింది: పరికల్పన. ఇంకా నిజమని తేలని, పరీక్షకు నిలబడాల్సిన ఊహ. దారంతా ఆ మాటే చప్పరిస్తూ ఇంటికొచ్చాను.

మా నానమ్మ పరికల్పన: ఎదురెదురు కిటికీలు తెరిస్తే మధ్యలో వీచే గాలి మనిషిని మంచాన పడేస్తుంది. మా కికిందా ఊరంతటికీ ఇదే నమ్మకం.

తీర్మానం: పది రోజులు, రోజూ అరగంట, తడి జుట్టుతో ఆ గాలిలో కూర్చుంటాను. అప్పటిదాకా ‘రుజువైంది’ అనను. పది రోజుల రాతలూ ఉంటేనే వుకోసావా టీచర్ బడి ప్రదర్శనలో నాకో బల్ల ఇస్తారు.

సెప్టెంబర్ 4
తుమ్ములు: 0. హాయిగా ఉంది.
"దూన్యా, మెడ పట్టేస్తే నా దగ్గరికి రాకు," అంది నానమ్మ.
"పట్టకపోతే?"
"ముసలితనంలో పడుతుందిలే."

సెప్టెంబర్ 5
తుమ్ములు: 0. రుజువై... కొట్టేశాను. రెండు రోజులకేనా!

సెప్టెంబర్ 6
తుమ్ములు: 7. నానమ్మ చలికాలం పచ్చడికి పెరట్లో ఎర్ర మిరపకాయలు కాలుస్తోంది. పొగవల్లే అన్నాను. "ఆ పొగని లోపలికి తెచ్చిందెవరు?" అంది.

సెప్టెంబర్ 8
నిన్న రాయలేదు. ఇరవై నిమిషాలే కూర్చున్నాను.
మెడ పట్టేసింది. కారణం గాలి కావచ్చు. మూడు గంటలు నిఘంటువు మీద వంగి ఉండటమూ కావచ్చు.
నానమ్మ తన ఇంటి మందు, ప్లమ్ పళ్ళ సారాలో తడిపిన మేజోళ్ళు, చేత పట్టుకుని గుమ్మంలో నిలబడింది. "ఇప్పుడేమంటావ్?"
"ఒక్క మెడ రుజువు కాదు నానమ్మా."
"నీకున్నది ఒక్కటేగా."

సెప్టెంబర్ 9
ఒక కిటికీ మూశాను. మెడ కోసం కాదు. వాన వచ్చేలా ఉంది.

సెప్టెంబర్ 10
రెండూ మూశాను. సారా మేజోళ్ళు వేసుకున్నాను. శాస్త్రమే దిగొచ్చిందని నానమ్మ పక్కింట్లో చెప్పొచ్చింది.

సెప్టెంబర్ 11
మిగతా రోజులు కల్పించి రాద్దామనుకున్నాను. చెయ్యి రాలేదు. టీచర్‌కి ఉన్నదంతా చెప్పేశాను.

"గాలో, నిఘంటువో ఎలా తెలుస్తుంది? ఒక్కటే మార్చి మిగతావన్నీ అలాగే ఉంచాలి. అసలు ఏం జరిగితే తన మాట తప్పని మీ నానమ్మ ఒప్పుకుంటుందో అడిగావా? ఏం జరిగినా తప్పు కాకపోతే అది పరికల్పనే కాదమ్మా. ప్రదర్శన ఇరవై ఆరున. మళ్ళీ మొదలుపెట్టు."

అంటూనే టీచర్ లేచి నా వెనక కిటికీ మూశారు. "మెడ బాగాలేదుగా, గాలి కొడుతుంది."

సెప్టెంబర్ 12, సాయంత్రం 5
నానమ్మని అడిగాను. కాల్చిన మిరపకాయల తొక్క తీస్తూనే చెప్పింది.

"నేనూ కూర్చుంటాను. నాకు డెబ్బై నాలుగు. పది రోజుల్లో నాకేమీ కాకపోతే నా మాట తప్పే."

తన చేత్తో తనే రెండు కిటికీలూ తెరిచింది. నా ఎరుకలో ఇదే మొదటిసారి.

తీర్మానం, మళ్ళీ: పది రోజులు, అరగంట, ఇద్దరం. నిఘంటువు ముట్టను.

5:20. నానమ్మ వచ్చి కూర్చుంది. తలకి రుమాలు, మెడకి ఉన్ని శాలువా, కాళ్ళకి సారా మేజోళ్ళు.
"అవి తీసెయ్ నానమ్మా, పరీక్ష చెడిపోతుంది."
"రేపట్నుంచి."

మొదటి రోజు: రేపు.