తేలికైన క్లారినెట్

గుడియాత్తం,
ఆదివారం.

దేవరాజులు మామకు దండాలు.

ఫోన్లో చెప్దామంటే నాయన పక్కనే ఉంటాడు. ఆయనకు తెలుగు చదవను రాదు గదా, అందుకే ఇట్ల రాస్తా ఉండాను.

పక్షవాతం వచ్చి లేచినాక, కట్టె క్లారినెట్ బరువును ఆయన కుడి బొటనవేలు మోయలేకపోయింది. ఎత్తినప్పుడల్లా జారిపోయేది. దాన్ని ఒడిలో పెట్టుకోని ఏడ్చినాడు మామా. చూడలేక వేలూరులో ప్లాస్టిక్‌ది కొన్నాను. అదీ నల్లదే. కొత్త మెరుపు పోయేదాకా గరుకు గుడ్డతో రుద్ది, నోట్లో పెట్టుకునే ముక్క మాత్రం పాతదే తగిలించి, ఆయన పెట్టెలో పెట్టేసినాను. కట్టెది బియ్యం డ్రమ్ములో ఉండాది.

నాయన ఎత్తి చూసినాడు. "తేలిగ్గా ఉండాదే! చెయ్యి బాగైపోయింది పాపా" అన్నాడు. శబ్దం ముందు మాదిరి నిండుగా రాక కీచుగా వస్తే, ఊపిరి ఇంకా కుదరలేదులే అనుకున్నాడు. నేనూ ఔనన్నాను.

బాగైపోయిందని ఇప్పుడు మాత్రలు నిలిపేసినాడు. గంగమ్మ జాతరలో అమ్మవారి శిరసు ఊరేగింపు ముందర ఎండలో నడిచి వాయిస్తానని ఒప్పుకోని వచ్చినాడు. మళ్లా పక్షవాతం వస్తుందేమోనని నా భయం.

ఇన్నేండ్లు ఆయన పక్కన డోలు కొట్టినోడివి, నువ్వు వినంగానే కనుక్కుంటావు. సాధకానికి వచ్చినట్ల డోలు తీసుకోని ఆర్కాడు నుంచి ఆలస్యం చేయకుండా బిన్నా రా మామా. నిజం నువ్వే చెప్పు. నువ్వు చెప్తే అరుస్తాడు, అంతే. నేను చెప్తే, బిడ్డే జాలిపడి మోసం చేసిందని కుంగిపోయి మళ్లా ఆ చెయ్యి ఎత్తడు.

నీ మేనకోడలు