మన కుటుంబంలోని ధనవంతుడు

ఆర్హుస్, మే 4

నాయనమ్మకు థీరా నమస్కారాలు.

వచ్చే నెల హ్యోరుప్ చర్చిలో నా పరీక్షా ప్రసంగం. ఏడుగురు సంఘ పెద్దలు విని, నచ్చితేనే నన్ను పాస్టరుగా తీసుకుంటారు. ఇప్పటికి రెండు ఊళ్లవాళ్లు వద్దన్నారు. ఈసారీ వద్దంటే ఇంక ఈ పని నాది కాదనుకోవాలి.

వాక్యం బైబిల్లోని ధనవంతుడు, లాజరుల కథ. తన గుమ్మంలో పడివున్న బీద లాజరును పట్టించుకోని ధనవంతుడు చచ్చి నరకానికి పోతాడు. కథలోని ఊదారంగు బట్టల ధనవంతుణ్ణి ఆ ఊరి రైతులు తమవాడనుకోరు. అందుకని మామూలు మనిషినే తీసుకున్నాను. గుమ్మంలోని బీదవాణ్ణి రోజూ పలకరించి, ఒకసారి పాత కోటు ఇచ్చి, అంతటితో తన పని తీరిందనుకున్న మనిషి. మన కుటుంబంలోని మనిషే. పేరు రాయడానికి ధైర్యం చాలలేదు. వాక్యం నాకు సరిగ్గా అర్థమైందా?

మీ థీరా

లెమ్‌విగ్, మే 8

చిరంజీవి థీరాకు ఆశీస్సులు.

ఆ పదమూడు వచనాలూ నాలుగుసార్లు చదివాను. ధనవంతుడు లాజరును కొట్టలేదు, తరమలేదు. కుక్కల్ని ఉసిగొల్పాడని కూడా లేదు. రోజూ చూసి చూసి అలవాటు పడ్డాడు, అంతే. నీకు అర్థమైంది సరైనదే. దస్తూరీ మాత్రం బాగుచేసుకో.

మీ నాయనమ్మ అబెలోనె

తా.క.: ఆ మనిషి మీ డాగ్నీ అత్తేగా? ఆవిడవి ఇంకో తొమ్మిది ఉదాహరణలున్నాయి, తేదీలతో సహా.

ఆర్హుస్, మే 11

నాయనమ్మకు నమస్కారాలు.

అత్త కాదు. దయచేసి తేదీలు పంపకండి. ఆ మనిషి అత్తకంటే చదువుకున్న మనిషి, బైబిలు బాగా తెలిసిన మనిషి. నా బాధంతా అదే.

మీ థీరా

తా.క.: పేరు తెలిస్తే మీకు కోపం వస్తుంది.

లెమ్‌విగ్, మే 19

థీరాకు,

'చిరంజీవి' మరిచిపోయి వదిలెయ్యలేదు.

చదువు, బైబిలు, కోటు. మూడూ కలిస్తే మన కుటుంబంలో నేను తప్ప ఇంకెవరూ తేలరు. ఆ కోటు మీ తాతది. పదకొండేళ్ల కిందట విల్లాడ్స్‌కి ఇచ్చాను. ప్రతి గురువారం ఖాళీ సీసాలు ఏరుకోవడానికి వస్తాడు. నేను వాటిని కడిగి, సంచిలో పెట్టి, గేటు బయట ఉంచుతాను. ఇంతకంటే ఏం చేయాలి? పిలవకుండా మనవైపు ఎవరు ఎవరింటికి వెళతారు? ఈ మాట రాసి ఆగాను. పిలవవలసింది నేనేగా.

నిన్న పిలిచాను. "బూట్లు విప్పాలా అమ్మా?" అన్నాడు. మా ఇంట్లో ఎవరికైనా అదే నియమం, విప్పమన్నాను. మేజోళ్ల చిల్లుల్లోంచి బయటపడ్డ వేళ్లను టేబుల్ కింద దాచుకుంటూ కూర్చున్నాడు. ఆ నియమం గురించి ఇంకా ఆలోచిస్తున్నాను.

అబెలోనె

తా.క.: నా కాఫీ నీళ్లలా ఉందన్నాడు. నలభై ఏళ్లు తాగి కూడా మీ తాత ఆ మాట అనలేకపోయాడు. మళ్లీ గురువారం రమ్మన్నాను.

ఆర్హుస్, మే 23

నాయనమ్మా, క్షమించండి.

ఆ మనిషి నేనే. మా మెట్ల కింద పడుకునే ఆయనకు కోటిచ్చి రెండేళ్లయింది. ఒక్కసారి కూడా ఆయన పక్కన కూర్చోలేదు. విల్లాడ్స్ సంగతి నాకు తెలియనే తెలియదు. ప్రసంగం రోజున అందరి ముందూ "అది నేనే" అని ఒప్పుకుంటాను.

మీ థీరా

తా.క.: ఇవాళ వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాను. "ఏమ్మా, తాళంచెవి పోయిందా?" అన్నాడు.

లెమ్‌విగ్, మే 26

చిరంజీవి థీరాకు ఆశీస్సులు.

ఒప్పుకోవద్దు. మొదటి ఉత్తరంలోనే "నేనే" అని ఉంటే, నీకు రెండు పేజీల నీతులు రాసి, విల్లాడ్స్‌ను గేటు బయటే ఉంచేదాన్ని. ప్రభువు కూడా ఆ ధనవంతుడి పేరు చెప్పలేదు. ఆయనకు తెలియక కాదు.

మీ నాయనమ్మ

హ్యోరుప్, జూన్ 5

నాయనమ్మకు నమస్కారాలు.

పేరు చెప్పలేదు. ఉద్యోగం వచ్చింది. నలుగురు ఔనన్నారు, ముగ్గురు కాదన్నారు. ఔనన్న నలుగురూ విడివిడిగా వచ్చి, "మా పక్కింటివాడికి బాగా గడ్డి పెట్టావమ్మా" అని మెచ్చుకున్నారు. కాదన్న ముగ్గురూ మాత్రం "మా ఇంటి సంగతి ఈ పిల్లకు ఎవరు చేరవేశారు?" అంటూ కోపంగా వెళ్లిపోయారు.

మీ థీరా

తా.క.: ప్రసంగం ముగ్గురికి అర్థమైంది. రేపు మొదట వాళ్లనే కలుస్తాను.