మరొకరి చెయ్యి

నాయనా,

మీరంతా ఇంకా నిద్రపోతున్నారు. లాడ్జి మెట్ల మీద కూర్చుని ఇది రాస్తున్నాను.

రాత్రి డాన్సు హాల్లోంచి బయటికి వస్తూ నువ్వు, నేననుకుని, ఎవరో ముసలావిడ చెయ్యి పట్టుకుని, "పదమ్మా, నెమ్మదిగా" అంటూ మన కారు దాకా నడిపించావు. "ఎవరయ్యా నువ్వు? మా ఆయన చూస్తే ఊరుకోడు!" అని ఆవిడ అరిచింది. పిల్లలు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. "నాన్నకి బాగా ఎక్కింది నానమ్మా!" అన్నాడు మనవడు. నువ్వూ నవ్వేశావు. కానీ నువ్వు తాగింది సోడా. నా పక్కన కూర్చునే తాగావు.

అప్పుడు నాకు పొద్దుటి సంగతులన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. కొండ మీద అందరూ జలపాతం చూస్తుంటే నువ్వు ఒట్టి బండరాయి వైపు తిరిగి "ఎంత బాగుందో!" అన్నావు. హోటల్లో మెనూ కోడలి చేతికిచ్చి "నీ ఇష్టమే నా ఇష్టం" అన్నావు. ఆ పిచ్చిది మురిసిపోయింది.

కడుపునొప్పి అని అబద్ధమాడి రాత్రికి మిమ్మల్ని ఇక్కడ ఆపింది అందుకే. కారు తాళం నా దగ్గరే ఉంది. ఇంటికి కోడలు నడుపుతుంది.

సోమవారం స్కూలు బస్సు స్టీరింగు నువ్వు ముట్టుకోవడానికి వీల్లేదు. ఆ పిల్లల్ని తల్లులు నిన్ను నమ్మి ఎక్కిస్తున్నారు. ఉద్యోగం పోతుందనే దాచావని నాకు తెలుసు. అయినా మేనేజరుకి నువ్వే చెప్పు, లేదా నేను చెబుతాను. కళ్ల డాక్టరు దగ్గరికి నేనూ వస్తాను.

అక్షరాలు పెద్దవిగా రాశాను. దీన్ని కోడలి చేత చదివించుకోకు. ఈ మాట ఆమె నీ నోటి నుంచే వినాలి.

అమ్మ