పొద్దుటి ద్రాక్షారసం

కార్తేజ్. మార్చి, మొదటి ఆదివారం

ఇవాళా తోడికోడలితో గొడవే. తెల్లారకముందే సంఘానికి వెళ్ళి ప్రభువు గిన్నెలో ద్రాక్షారసం పుచ్చుకుని వచ్చానా, రొగాటక్క ముక్కు మూసుకుంది. ద్రాక్షతీగ సైతాను నాటిందట. వాళ్ళ సంఘంలో గిన్నెలో పోసేది మంచినీళ్ళే. నీళ్ళు తాగితే మోక్షం వస్తే కప్పలన్నీ పరలోకంలోనే ఉండాలి అన్నాను. ఇంక రెండ్రోజులు మాట్లాడదు. మొగుడు పోయాక ఆ నీళ్ళవాళ్ళలో కలిసింది, పదకొండేళ్ళయింది. మూర్ఖురాలు.

బుధవారం

ఊళ్ళో మన క్రైస్తవుల్ని పట్టుకుపోతున్నారు. రోమా చక్రవర్తి బొమ్మకి ధూపం వెయ్యం అన్నవాళ్ళని గనులకి పంపుతున్నారట. పరువుగల ఆడది పొద్దున్నే ద్రాక్షారసం ముట్టదు కదా! అందుకని ఆదివారం తెల్లారి భటులు ఆడవాళ్ళ నోళ్ళు వాసన చూస్తున్నారు, వాసనొస్తే సంఘానికి వెళ్ళొచ్చినట్టేనని. ఈ వారం మానెయ్యవే అంది రొగాటక్క. నీళ్ళు తాగేదానివి, నీకేం తెలుస్తుంది అన్నాను.

ఆదివారం, పొద్దు పొడిచాక మూడో గంట

తలుపు గడియ పెట్టి వచ్చి రాస్తున్నాను.

సంఘం నుంచి వచ్చి గుమ్మంలో అడుగుపెట్టానో లేదో, వెనకే ఇద్దరు భటులు. నోరు తెరవమన్నాడొకడు. అయిపోయాననుకున్నాను. అంతలో వంటింట్లోంచి రొగాటక్క వచ్చింది, మా ఆయన ద్రాక్షారసం జాడీ ఎత్తి గటగటా తాగుతూ. మెడంతా కారుతోంది. తూలుతూ వెళ్ళి వాడి మీద పడింది. నీకూ కాస్త పొయ్యనా నాయనా, ఇదీ నేనూ లేస్తూనే మొదలెడతాం, మా మరిదితో మాత్రం అనకు అంది. వాళ్ళు పగలబడి నవ్వారు. తాగుబోతు తోడికోడళ్ళు దొరికారురా అనుకుంటూ పోయారు.

పెరట్లో కక్కుకుంది పాపం. ఆవిడ తల పట్టుకున్నాను. ఇద్దరం ఏడ్చాం. పదకొండేళ్ళ నిష్ఠ మట్టిపాలు చేసుకున్నావు, ఎందుకక్కా అంటే, నువ్వు పోతే నేనెవరితో పోట్లాడనే అంది.

ప్రభువా, నీకు దండం. ఆవిడకి వెయ్యి దండాలు.

శుక్రవారం

నీళ్ళవాళ్ళు ఆవిణ్ణి వెలేశారు. మా సంఘం పెద్దలేమో, నీళ్ళు పొయ్యడం తప్పని ఒప్పుకుంటే చేర్చుకుంటామన్నారు. ససేమిరా అంది. తాగింది నీకోసం, ద్రాక్ష ఇప్పటికీ సైతానుదే అంది. ఎంత మొండిదమ్మా! ఆ మొండిదాని వల్లే ఇవాళ మా ఇంట్లో అన్నం తింటున్నాను.

ఆదివారం

ఎవరి సంఘానికీ వెళ్ళలేదు. రొగాటక్కా నేనూ, వంటింట్లో, తలుపేసుకుని. ఒకటే గిన్నె. అందులో ఏం పోశామో రాయను.