దూడ గంట పంపించు

అమ్మా, మూడు రోజులుగా ముసురు. బడిపిల్లల చొక్కాలు ఇరవై కుట్టాలి, ఇంకా ఎనిమిది మిగిలాయి. అందరం బాగానే ఉన్నాం, చదివి కంగారుపడకు.

బుజ్జికి వినబడదు కనుక పిలిస్తే రాదు. అందుకని మిషను తొక్కేటప్పుడు దాని నడుముకు తాడు కట్టి, రెండో కొస నా మోకాలికి కట్టుకుంటాను. తాడు బిగువుగా ఉంటే పిల్ల వసారాలో ఆడుకుంటున్నట్టే. నిన్న మా అత్తగారు "మేకపిల్లలా ఆ కట్టెయ్యడం ఏంటే, చూసినవాళ్ళు నవ్విపోరూ?" అన్నారు. నాకు చెప్పకుండా పిల్ల నడుము దగ్గర ముడి విప్పి, ఆ కొస కిటికీ ఊచకు కట్టి వంటింట్లోకి వెళ్ళారు. తాడు బిగువుగానే ఉంది. నేను కుట్టుకుంటూనే ఉన్నాను. లారీ హారన్ ఆగకుండా మోగితే పరుగెత్తాను. బుజ్జి నడిరోడ్డు మీద నీళ్ళ గుంటలో, లారీకి వీపు పెట్టి ఆడుకుంటోంది. డ్రైవరు దిగి, "ఇంత హారన్ కొట్టినా కదలదేంటమ్మా, చెవుడా?" అని అరిచాడు. "అవునన్నా" అన్నాను. పిల్లను ఎత్తి నా చేతికిచ్చాడు.

అప్పటి నుంచి నాలుగు కుట్లు వేయడం, లేచి చూడడం. మన దూడ మెడలో గంట ఎవరితోనైనా పంపించు. పిల్ల నడుముకు కడతాను. దానికి వినబడకపోయినా నాకు వినబడుతుంది. మువ్వలు వద్దు, మిషను చప్పుడులో కలిసిపోతాయి. నీ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? నాన్నకు ఇది చదివి వినిపించకు. తమ్ముడికి దీవెనలు.

 అత్తగారు ఈ ఉదయం ఎనిమిదిన్నర బస్సుకు కూతురి ఇంటికి వెళ్ళిపోయారు.